పాఠకుల ప్రశ్నలు: స్టీలు షాఫ్టు మీద ప్లాస్టిక్ గేరు జారకుండా ఉండాలంటే?

ప్రశ్న: 6 మి.మీ. స్టీలు షాఫ్టు మీద ఎసిటాల్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గేరును బిగుతుగా ఎక్కించాను. కొన్ని వారాలు బాగానే నడిచింది. ఇప్పుడు షాఫ్టు ఒక్కటే తిరుగుతోంది, గేరు కదలడం లేదు. కన్నం అరిగినట్టు కూడా లేదు. ఎందుకిలా?

జవాబు: కన్నం అరగలేదు, పట్టు సడలింది. ప్లాస్టిక్‌ను సాగదీసి అలాగే ఉంచేస్తే దాని బిగువు రోజురోజుకూ తగ్గుతుంది. దీనికి వేడి తోడవుతుంది. ఎసిటాల్ వ్యాకోచం స్టీలు వ్యాకోచానికి సుమారు తొమ్మిది రెట్లు. 40 డిగ్రీలు వేడెక్కితే 6 మి.మీ. కన్నం షాఫ్టు కంటే 0.02 మి.మీ. పైగా ఎక్కువ తెరుచుకుంటుంది. కన్నం 0.03 మి.మీ. చిన్నదిగా పెట్టి ఉంటే ఇక మిగిలే పట్టు ఎంత? పోనీ ఇంకా బిగుతుగా పెడదామంటే హబ్ (గేరు మధ్యలో కన్నం చుట్టూ ఉండే మందపాటి భాగం) చీలుతుంది.

కాబట్టి రాపిడిని నమ్ముకోకండి. గేరును తిప్పే పని ఆకారానికి అప్పగించండి. కొత్తగా చేయించుకునేవారికి డి ఆకారపు కన్నం, దానికి తగ్గట్టు ఒక పక్క చదును చేసిన షాఫ్టు అన్నిటికంటే మేలు. కీ గాడి (షాఫ్టుకూ గేరుకూ మధ్య చీలను ఇరికించే గాడి) పెట్టిస్తే మాత్రం గాడి మూలలు గుండ్రంగా ఉండాలి, పగులు మొదలయ్యేది ఆ పదును మూలల దగ్గరే.

మీ గేరుకు గుండ్రటి కన్నం ఎలాగూ ఉంది కనుక అడ్డ పిన్ను వేయండి. పిన్ను షాఫ్టు వ్యాసంలో మూడో వంతు దాటకూడదు, అంటే 2 మి.మీ. రోల్ పిన్ (చుట్టిన స్ప్రింగు రేకు పిన్ను) సరిపోతుంది. హబ్ బయటి వ్యాసం 12 మి.మీ. అయినా ఉందో లేదో ముందే చూసుకోండి. గేరును ఉండాల్సిన చోటే ఉంచి, షాఫ్టును వి-బ్లాకులో (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెలో) బిగించి, హబ్, షాఫ్టు, మళ్ళీ హబ్ ఒకే వరసలో డ్రిల్ చేయండి. విడివిడిగా చేస్తే కన్నాలు కలవవు. డ్రిల్లును మాటిమాటికీ బయటికి తీసి పొట్టు దులపండి, లేకపోతే వేడికి ప్లాస్టిక్ కరిగి కన్నం పెద్దదైపోతుంది. తర్వాత గేరును ఊడదీసి, షాఫ్టు కన్నం అంచుల్లో లేచిన బర్రును (పదునైన లోహపు ముక్కలను) సన్న ఆకురాయితో తీసేయండి. ఈ పని మానేస్తే గేరును మళ్ళీ తోసేటప్పుడు ఆ బర్రే కన్నం లోపలంతా గీసుకుంటూ పోతుంది.

ప్రశ్న: గేరు హబ్‌లోనే మర తీసి ఎం3 (3 మి.మీ.) గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) పెట్టాను. రెండుసార్లు బిగించేసరికి మర పోయింది.

జవాబు: ప్లాస్టిక్ మర అంత బిగింపును తట్టుకోదు. ఒకవేళ తట్టుకున్నా, కొన్నాళ్ళకు సాగి స్క్రూ వదులైపోతుంది. అంచున్న ఇత్తడి హబ్ ఒకటి చేయించి, గ్రబ్ స్క్రూ అందులో పెట్టండి. ఆ అంచును గేరు ముఖానికి మూడు ఎం2 స్క్రూలతో బిగించండి. బలం పడే చోటు కేంద్రం నుంచి దూరం జరగడమే ఇందులో కిటుకు. 0.3 న్యూటన్ మీటర్ల టార్కు వస్తుందనుకుందాం. 6 మి.మీ. షాఫ్టు అంచు దగ్గర ప్లాస్టిక్ మీద 100 న్యూటన్లు పడతాయి. స్క్రూలు కేంద్రానికి 9 మి.మీ. దూరంలో ఉంటే మూడింటి మీదా కలిపి 33 మాత్రమే.

షాఫ్టు మీద గ్రబ్ స్క్రూ ఆనే చోట చదును చేయడం మరవద్దు. థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే ద్రవం) చుక్క వేసేది ఇత్తడి మరలోనే, అదీ గేరు బిగించక ముందే. ఏబీఎస్, పాలికార్బొనేట్ గేర్లకు ఆ ద్రవం తగిలితే వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, సూపర్‌గ్లూతో అంటించేస్తే పోలేదా?

జవాబు: ఎసిటాల్‌కు జిగురు సరిగా పట్టదు. గరుకు కాగితంతో రుద్ది ఎపాక్సీ వేసినా పొరలా ఊడొచ్చేస్తుంది. నర్లింగ్ చేసిన (సన్న గాళ్ళు పెట్టి గరుకు చేసిన) షాఫ్టు మీద సందులు నింపడానికైతే ఎపాక్సీ పనికొస్తుంది. అప్పుడు కూడా పట్టు ఇచ్చేది గాళ్ళే, జిగురు కాదు.

ప్రశ్న: 2 మి.మీ. షాఫ్టున్న చిన్న మోటారుకు 8 పళ్ళ పినియన్ (చిన్న గేరు) ఎన్నిసార్లు మార్చినా చీలిపోతోంది. మాడ్యూల్ (పళ్ళ సైజు కొలత) 0.5.

జవాబు: లెక్క కట్టి చూడండి. మామూలు 8 పళ్ళ పినియన్‌లో పళ్ళ మొదళ్ళ దగ్గర వ్యాసం 2.75 మి.మీ. అందులో షాఫ్టుకే 2 పోతుంది. మిగిలిన గోడ మందం 0.37 మి.మీ. కంటే కాస్త ఎక్కువ, అంతే. 1.95 మి.మీ. కన్నంతో వచ్చే పినియన్‌ను ఎక్కించిన క్షణం నుంచీ ఆ పలుచటి గోడ సాగే ఉంటుంది. చీలాక, చీలిక పడిన చోట రెండు పళ్ళ మధ్య సందు పెరిగి, చుట్టుకోసారి టిక్కుమంటుంది. జిగురు పెట్టి లాభం లేదు.

10 పళ్ళది వేస్తే గోడ 0.87 మి.మీ. అవుతుంది. మోటారును 0.5 మి.మీ. వెనక్కి జరపాలి, వేగం నిష్పత్తి కూడా మారుతుంది. అది కుదరకపోతే ఇత్తడి పినియనే దారి. ప్లాస్టిక్‌దే వేసేటట్టయితే షాఫ్టు కొస పదును తీసి, పినియన్‌ను 80 డిగ్రీల నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచి, తుడిచి వెంటనే నిటారుగా నొక్కండి. నొక్కేటప్పుడు మోటారు వెనక వైపు షాఫ్టు కొసకు ఆధారం ఇవ్వండి. మోటారు డబ్బాను మాత్రమే ఆనించి నొక్కితే ఆ బలమంతా వెనక మూత మీద పడి అది ఊడుతుంది.