మీ ప్రశ్న, నా జవాబు: టెర్మినల్లో కీల గొడవ

గత సంచికలో టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) కీబోర్డుతోనే నడిచే రేంజర్ అనే ఫైల్ మేనేజర్ గురించి నాలుగు ముక్కలు రాసిన పాపానికి ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. అన్నీ దాదాపు ఒకే మాట: "ఈ కీలు నాకు నచ్చలేదు, మార్చుకోవడం ఎలా?" వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

*ప్రశ్న (లైబ్రేరియన్, కరీంనగర్): స్కాన్ చేసిన పుస్తకాలున్న ఫోల్డర్ ఎక్కడో లోపల ఉందండి. రేంజర్ తెరిచిన ప్రతిసారీ ఫోల్డర్ తెరిచే ఎల్ కొట్టుకుంటూ పోవాలి. ఒక్క షార్ట్‌కట్ కోసం సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలంతా మార్చాలా? తెలిసినవాళ్ళు తమ ఫైలు పంపారు. తెరిస్తే వందల లైన్లు! టెన్షన్ వచ్చి మూసేశాను.*

మంచి పని చేశారు, మూసే ఉంచండి. ఇంకొకరి కాన్ఫిగ్ ఫైలంటే వాళ్ళ చేతి అలవాట్లు. అవి మీకు అక్కరలేదు.

మీకు కావలసింది కాన్ఫిగ్ ముట్టుకోకుండానే దొరుకుతుంది. ఆ ఫోల్డర్‌లోకి ఒకసారి వెళ్ళి ఎం నొక్కండి, తర్వాత పి నొక్కండి. పి అంటే పుస్తకాలు అనుకుందాం, మీ ఇష్టమైన అక్షరం పెట్టుకోవచ్చు. అక్కడికి ఒక బుక్‌మార్క్ పడుతుంది. ఇక ఎక్కడున్నా సరే, ఎంటర్ పక్కనుండే సింగిల్ కోట్ కీ నొక్కి పి నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తారు. కోట్ నొక్కి ఒక్క క్షణం ఆగితే పెట్టుకున్న బుక్‌మార్కుల పట్టీ కనిపిస్తుంది, కాబట్టి ఏ అక్షరం పెట్టామో గుర్తుంచుకోవాల్సిన పని కూడా లేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టినా అవి పోవు. తీసేయాలంటే యు, ఎం, ఆ అక్షరం.

వెళ్ళడానికి కాక ఏదైనా పని చేయించడానికి కీ కావాలంటే అప్పుడు కాన్ఫిగ్ ఫైలు అవసరమవుతుంది. మా ఆఫీసులో పేజీలన్నీ ఒక పాత లినక్స్ సర్వర్‌లో ఉంటాయి. ఖాయమైన పేజీని ప్రెస్‌కు వెళ్ళే ఫోల్డర్‌లోకి కాపీ చేయడం నా రోజువారీ పని. దానికి కామా, పి అని పెట్టుకున్నాను. ఆ లైన్ ఇలా ఉంటుంది: ముందు మ్యాప్ అనే మాట, తర్వాత కీలు, తర్వాత షెల్ అనే మాట, ఆ పైన ఫైళ్ళను కాపీ చేసే మామూలు సీపీ కమాండు. ఫైళ్ళ పేర్లు రావలసిన చోట పర్సెంట్ గుర్తు, చిన్న ఎస్. ఎంచుకున్న ఫైళ్ళ పేర్లన్నీ రేంజరే అక్కడ పెడుతుంది. పేర్లలో ఖాళీలున్నా ఇబ్బంది లేదు.

ఇలాంటి సొంత లైన్లు రెండో మూడో ఉంటే అవి మాత్రమే మీ ఫైల్లో రాయండి. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, అందులో రేంజర్ ఫోల్డర్, అందులో ఆర్‌సీ డాట్ కాన్ఫ్. రేంజర్ ముందు తన సొంత ఫైలు చదివి, ఆ తర్వాతే మీది చదువుతుంది. అందుకే వందల లైన్లు కాపీ చేసుకోనక్కరలేదు. రాసే ముందు రేంజర్‌లో కోలన్ నొక్కి ఆ మ్యాప్ లైన్‌నే అక్కడ కొట్టి చూడండి. రేంజర్ మూసేవరకు పనిచేస్తుంది. నచ్చితే ఫైల్లోకి ఎక్కించండి, లేదంటే వదిలేయండి.

ఒక్క జాగ్రత్త. జి అనే కీని ఒంటరిగా దేనికీ పెట్టొద్దు. జి హెచ్ అంటే హోమ్, జి ఇ అంటే సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్, ఇలా జి కింద చాలా ఉన్నాయి. జిని పట్టుకుపోతే అవన్నీ దానితో పోతాయి. ఏ కీ ఖాళీగా ఉందో తెలియకపోతే ప్రశ్న గుర్తు, ఆ తర్వాత కె నొక్కండి, మొత్తం జాబితా వస్తుంది.

*ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ): సార్, కంట్రోల్ ఐకి ఇమేజెస్ ఫోల్డర్ పెట్టాను. ఇప్పుడు ట్యాబ్ నొక్కినా అక్కడికే పోతోంది! కంట్రోల్ ఎస్‌కి ఇంకోటి పెడితే స్క్రీన్ మొత్తం బిగుసుకుపోయింది. ఇది రేంజర్ బగ్గేనా?*

కాదు బాబూ, రేంజర్‌కి దీనితో సంబంధం లేదు. టెర్మినల్ ప్రోగ్రాముకి 'ఫలానా కీ నొక్కారు' అని చెప్పదు, ఒక సంఖ్య మాత్రం పంపుతుంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో ఐ విలువ 73. కంట్రోల్ పట్టుకుంటే అందులోంచి 64 తీసేసి పంపుతుంది. మిగిలేది 9. ట్యాబ్ సంఖ్య కూడా 9. రెండూ ఒకటే వస్తే రేంజర్ మాత్రం తేడా ఎలా కనిపెడుతుంది? కంట్రోల్ ఎం సంగతీ ఇంతే: 77 లోంచి 64 పోతే 13, అది ఎంటర్. స్క్వేర్ బ్రాకెట్ తెరిచే గుర్తుతో కంట్రోల్ పట్టుకుంటే 27, అంటే ఎస్కేప్. కంట్రోల్ హెచ్ 8, అది బ్యాక్‌స్పేస్ జాగాలో కూర్చుంటుంది. షిఫ్ట్ కూడా కలిపితే మారుతుందేమో అనుకోకు, మామూలుగా అదే సంఖ్య వెళ్తుంది.

ఇక కంట్రోల్ ఎస్. అది రేంజర్ దాకా చేరనేలేదు. నెమ్మదిగా పనిచేసే పాత టెర్మినళ్ళ కోసం 'ఆగు' అనే సంకేతంగా పెట్టారు, ఇప్పటికీ అలాగే ఉంది. కంట్రోల్ క్యూ నొక్కు, 'కానివ్వు' అన్నట్టు. బిగుసుకున్న స్క్రీన్ లేస్తుంది. టెర్మినల్ వేలాడిందనుకుని విండో మూసేసేవాళ్ళలో సగం మంది గొడవ ఇదేనని నా అనుమానం. ఈ పద్ధతి అసలే వద్దనుకుంటే, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బ్యాష్ ఆర్‌సీ ఫైల్లో ఎస్‌టీటీవై అని రాసి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తుతో ఐఎక్స్ఓఎన్ అని రాయి. అప్పుడు కంట్రోల్ ఎస్ నీదవుతుంది.

నన్నడిగితే కంట్రోల్ జోలికే పోను. ఆల్ట్ కలిపిన కీలూ అంత నమ్మకం కాదు. కొన్ని టెర్మినళ్ళు ఆల్ట్‌ను తమ మెనూలకు, ట్యాబులకు వాడేసుకుంటాయి. కామాతో మొదలయ్యే రెండక్షరాలు పెట్టుకో, ఏ టెర్మినల్‌లోనైనా ఒకేలా పనిచేస్తాయి.

*ప్రశ్న (డీటీపీ ఆపరేటర్, తెనాలి): మిడ్‌నైట్ కమాండర్ అనే రెండు ప్యానెళ్ళ ఫైల్ మేనేజర్ నుంచి రేంజర్‌కి మారాను. ఎఫ్8 నొక్కగానే ఫైలు పోవాలి, మధ్యలో ఈ ఎంటర్ ఎందుకు? తీసేయడం ఎలా?*

తీసేయడం సులువే, కానీ నేను తీయమనను. మొదట ఎంటర్ ఎందుకు వస్తోందో చూడండి. రేంజర్ సొంత ఫైల్లో ఎఫ్8 ఎదురుగా రెండు మాటలుంటాయి: కన్సోల్, డిలీట్. కన్సోల్ అంటే 'ఆ కమాండును కింద టైప్ చేసి పెట్టు, నడపకు' అని. మీరు ఎంటర్ కొట్టినప్పుడే నడుస్తుంది. ఆ కన్సోల్ అనే మాట తీసేస్తే ఎఫ్8 నొక్కిన క్షణమే ఫైలు పోతుంది. ఒక్క ఫైలైతే రేంజర్ మామూలుగా మళ్ళీ అడగదు కూడా. ఎఫ్7 కొత్త ఫోల్డర్. దాని కోసం పోయిన వేలు పక్కన పడితే చాలు, మీ పేజీ గోవిందా.

దానికి బదులు ఎఫ్8కే ట్రాష్ పెట్టుకోండి. కొత్త వెర్షన్లలో డి, పెద్ద టి నొక్కి ఎంటర్ కొడితే ట్రాష్ అనే కమాండు నడిచి ఫైలు చెత్తబుట్టలోకి వెళ్తుంది, అదే కమాండును ఎఫ్8 ఎదురుగా రాయండి. అప్పుడు కన్సోల్ మాట లేకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకోటి. ఎఫ్5 మిమ్మల్ని తికమక పెడుతుంది. మిడ్‌నైట్ కమాండర్‌లో ఎఫ్5 అంటే అవతలి ప్యానెల్‌లోకి కాపీ. రేంజర్‌లో అది ఫైలును గుర్తు పెట్టుకోవడం వరకే చేస్తుంది. కావలసిన చోటికి వెళ్ళి పి రెండుసార్లు నొక్కితేనే కాపీ అవుతుంది.

*ప్రశ్న (రిటైర్డ్ తెలుగు మాష్టారు, రాజమండ్రి): ఎల్ఎఫ్ అనే చిన్న ఫైల్ మేనేజర్ వాడుతున్నాను. ఫైళ్ళకు తెలుగులోనే పేర్లు పెడతాను. తెలుగు కీబోర్డు మీద ఉండగా ఒక్క షార్ట్‌కట్ పనిచేయదు. బయటికి రావడానికి క్యూ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ప్రతిసారీ ఇంగ్లీషుకి మారాలా?*

మాష్టారూ, మీ ఉత్తరం చదివి సంతోషించాను. ఈ ఇబ్బంది మనవాళ్ళలో చాలామందికి ఉంది, అడిగేవాళ్ళే తక్కువ.

మీది ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డుకి ఉన్న ప్రామాణిక) అమరిక అనుకుని చెబుతున్నాను. అందులో క్యూ కీ మీద ఔత్వం ఉంటుంది. ఎల్ఎఫ్‌కి ఔత్వం అందితే దానికేం తెలుస్తుంది? కిందికి దిగే జె కీ మీద ర, పైకి వెళ్ళే కె మీద క, వెనక్కి వచ్చే హెచ్ మీద ప, తెరిచే ఎల్ మీద త. కాబట్టి ఎల్ఎఫ్‌కి ఆ అక్షరాలే నేర్పుదాం. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, అందులో ఎల్ఎఫ్ ఫోల్డర్, అందులో ఎల్ఎఫ్ఆర్‌సీ ఫైలు. అందులో ఒక్కో లైన్‌లో మ్యాప్ అని, తెలుగు అక్షరం, తర్వాత పని పేరు రాయండి. అక్షరం ఒక్కటే తెలుగులో ఉండాలి, మిగతావి ఇంగ్లీషు అక్షరాల్లోనే. ర ఎదురుగా డౌన్, క ఎదురుగా అప్, ప ఎదురుగా అప్‌డిర్, త ఎదురుగా ఓపెన్. వై మీదున్న బకి కాపీ, పి మీదున్న జకి పేస్ట్. స్లాష్ కీ మీద య ఉంటుంది, దానికి సెర్చ్ పెట్టండి. ఫైలు పేరు తెలుగులో వెతకాలంటే అప్పటికే మీరు తెలుగులో ఉంటారు, అదే ఎక్కువగా కలిసొచ్చేది.

గుణింతపు గుర్తులున్న కీల జోలికి వెళ్ళకండి. డి కీ మీద పొల్లు ఉంటుంది. కట్ చేయడానికి దాన్ని రాయబోతే ఆ గుర్తు ఫైల్లో ముందున్న ఖాళీని అంటుకుని కూర్చుంటుంది, రేపు చదివితే ఏం రాశామో మనకే అర్థం కాదు. బయటికి రావడానికి ఔత్వం బదులు ఏదైనా హల్లు తీసుకుని క్విట్ అని రాయండి. ఎన్ కీ మీది ల ఫర్వాలేదు.

టైప్ చేసిన అక్షరం కింద గీతతో కాసేపు ఆగి, తర్వాత ఖాయమయ్యే పద్ధతిలో మీరు రాస్తుంటే మాత్రం ఇది కుదరదు. అక్షరం ఖాయమయ్యేదాకా ఎల్ఎఫ్‌కి అందదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డు లేఅవుట్లలో నేరుగా తెలుగు చేర్చుకోండి, అప్పుడు ఒక్క నొక్కుకి ఒక్క అక్షరం వెళ్తుంది. ఎల్ఎఫ్ మూసి మళ్ళీ తెరిచి, ముందు ర నొక్కి చూడండి.