కల్చర్ రిపోర్టులో ‘ఈఎస్‌బీఎల్ ఈ.కోలి’ అని వస్తే: మా అమ్మ విషయంలో జరిగింది

మీ అత్తగారికి 61 ఏళ్లనీ, షుగరు ఉందనీ, ఆరు నెలల్లో మూడోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందనీ రాశారు. యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టులో ‘ఈఎస్‌బీఎల్ ఈ.కోలి’ అని ఉందని, మందుల పేర్ల ఎదురుగా వరసపెట్టి ‘ఆర్’ అని చూసి ఇంట్లో అందరూ బెదిరిపోయారని, ఇక ఏ మందూ పనిచేయదా అని అడిగారు. పనిచేసే మందులు ఉన్నాయి. నేను డాక్టరును కాదు. మా అమ్మతో ఇదే దారిలో నడిచాను కాబట్టి రాస్తున్నాను.

అమ్మకు మొదట మంట, గంటకోసారి బాత్రూముకు పరుగు. మా వీధి చివరి మందుల షాపులో చెబితే ఆరు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు ఇచ్చారు. తగ్గింది. నెలన్నరకు మళ్లీ వస్తే అదే షాపులో సెఫిక్సిమ్ ఇచ్చారు. అదీ తగ్గినట్టే తగ్గింది. మూడోసారి మాత్రం మాత్రలు వేసుకుంటూ ఉండగానే నాలుగో రోజు రాత్రి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంత వణుకు. కుడివైపు నడుము పైన నొప్పి, వాంతులు, 103 జ్వరం. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందని ఆసుపత్రిలో చెప్పారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ సూదిమందు మొదలుపెట్టక ముందే కల్చర్‌కు మూత్రం, రక్తం తీయించారు. మూడుసార్లు మందులు వాడినా, కల్చర్ పరీక్ష చేయించడం మాకు అదే మొదటిసారి.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఆంపిసిల్లిన్ ఆర్, సెఫిక్సిమ్ ఆర్, సెఫ్ట్రియాక్సోన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, కోట్రైమోక్సజోల్ ఆర్. నేను అక్కడే ఆగిపోయాను, కాళ్లలో సత్తువ పోయింది. డాక్టరమ్మ అదే కాగితాన్ని కింది నుంచి చదివారు. అమికాసిన్ ఎస్, నైట్రోఫ్యూరంటాయిన్ ఎస్, ఫాస్ఫోమైసిన్ ఎస్, ఎర్టాపెనెమ్ ఎస్, మెరోపెనెమ్ ఎస్. ‘ఆర్’ అంటే ఆ మందును బ్యాక్టీరియా తట్టుకుంటుందని, ‘ఎస్’ అంటే లొంగుతుందని. మీ రిపోర్టును కూడా ముందు ‘ఎస్’ ఉన్న వరసల కోసం చూడండి.

ఈఎస్‌బీఎల్ అనేది కొత్త జబ్బు పేరు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు ఎక్కువగా తెచ్చేది మన పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియానే. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులన్నిటిలో బీటా లాక్టమ్ అనే చిన్న వలయం ఉంటుంది. మందు బలం అంతా అందులోనే. ఆ వలయాన్ని తెంచేసే ఎంజైమును కొన్ని ఈ.కోలి తయారు చేసుకుంటాయి. దాని పేరే ఈఎస్‌బీఎల్. ఆ ఎంజైము జన్యువు సాధారణంగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టపై ఉండి, ఒక బ్యాక్టీరియా నుంచి పక్కదానికి చేరిపోతుంది. ఇతర మందులను ఎదిరించే జన్యువులు కూడా తరచు దానితోపాటే ప్రయాణం చేస్తాయి. ‘ఒంటికి మందు అలవాటైపోయింది’ అని మన పెద్దవాళ్లు అంటూ ఉంటారు. అలవాటు పడేది ఒళ్లు కాదు. మనం వేసుకున్న ప్రతి కోర్సుకూ లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనివి పేగుల్లో మిగిలి పెరుగుతాయి.

ఇక్కడ నాకు తెలియని మరో సంగతి బయటపడింది. నైట్రోఫ్యూరంటాయిన్‌కు ఎస్ ఉంది కదా, మాత్రలతో పోతుంది కదా అని అడిగాను. ఆ మందు మూత్రంలో బాగా చేరుతుంది గానీ కిడ్నీ కణజాలంలో చాలినంత చేరదట. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు మంచిది, కిడ్నీకి పాకిన దానికి పనికిరాదు. అందుకే అమ్మకు ఎర్టాపెనెమ్ రోజుకు ఒక గ్రాము చొప్పున, మొత్తం 10 రోజులు ఎక్కించారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో, తర్వాత రోజూ ఉదయం స్కూటరు మీద దగ్గరి నర్సింగ్ హోముకు తీసుకెళ్లేవాణ్ణి. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉన్న ఎడమ చేతికి పాల ప్యాకెట్ కవరు కట్టి స్నానం చేయించేది మా చెల్లెలు.

మీ అత్తగారికి జ్వరం, చలి, నడుము నొప్పి లేకుండా మంట మాత్రమే ఉంటే పరిస్థితి చాలా తేలిక. రిపోర్టులో ఎస్ ఉంటే 5 రోజుల నైట్రోఫ్యూరంటాయిన్ గానీ, నీళ్లలో కలిపి ఒక్కసారే తాగే 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ పొడి గానీ డాక్టర్లు రాస్తుంటారు. షుగరు ఉంది కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి. కిడ్నీ పనితీరు బాగా తగ్గిన వాళ్లకు నైట్రోఫ్యూరంటాయిన్ ఇవ్వరు. ‘అన్నిటికంటే పెద్ద సూది వేసేయండి’ అని మాత్రం పట్టుబట్టకండి. ఎర్టాపెనెమ్, మెరోపెనెమ్ లాంటి మందులను కూడా విరిచేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమును మొదట గుర్తించింది న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు వెళ్లిన ఒక రోగి మూత్రంలోని బ్యాక్టీరియాలోనే, 2008లో. ఆ మందులు అవసరమైన వాళ్ల కోసం మిగలాలి.

శాంపిల్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను అందులో తప్పు చేశాను. రెండు నెలల తర్వాత అమ్మకు మళ్లీ కొంచెం మంట అనిపిస్తే, కడిగిన పాత టానిక్ సీసాలో పట్టించి, పనులన్నీ చూసుకుని మధ్యాహ్నం ల్యాబులో ఇచ్చాను. ‘రకరకాల బ్యాక్టీరియా పెరిగాయి, మళ్లీ ఇవ్వండి’ అని వచ్చింది. ల్యాబు వాళ్లు ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడాలి. ముందు నుంచి వెనక్కి నీళ్లతో కడుక్కుని, మొదటి ధారను వదిలేసి మధ్య ధార పట్టాలి. డబ్బా లోపలి అంచుకు వేలు తగలకూడదు. గంట, రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో కాకుండా, కింది అరలో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోక ముందే శాంపిల్ ఇవ్వాలి.

మాటిమాటికీ ఎందుకు వస్తోందో కూడా చూపించండి. అమ్మకు మూత్రం పోశాక ఇంకా ఎంత మిగిలిపోతోందో స్కానింగులో చూశారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గడం వల్ల యోనిలోని మంచి బ్యాక్టీరియా తగ్గి ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయని, యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీము దాన్ని తగ్గిస్తుందని గైనకాలజిస్టు చెప్పారు. అక్కడే అమ్మ ఇంకో మాట బయటపెట్టింది. మా పిన్ని వాళ్ల ఊరికి బస్సులో వెళ్లే రోజు దారిలో ఆడవాళ్లకు చోటు ఉండదని తెల్లవారి నుంచి నీళ్లే తాగేది కాదట, వచ్చినా సాయంత్రం దాకా బిగబట్టుకునేదట. ఇన్నేళ్లలో మేము ఒక్కసారి కూడా అడగలేదు. మీరు అడగండి.

ఇంట్లో అందరూ ఆవిణ్ణే అంటున్నారని, ఊరికే మాత్రలు మింగడం వల్లే ఇంతదాకా వచ్చిందంటున్నారని రాశారు. దయచేసి అలా అననివ్వకండి. సెఫిక్సిమ్ 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మా చేతికి ఏ చీటీ లేకుండానే వచ్చింది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో పరిశోధకులు ప్రచురించారు. మందు నీళ్లలో పారుతున్న చోట బ్యాక్టీరియా నేర్చుకున్న విద్యకు ఒక పెద్దావిణ్ణి దోషిని చేయడం అన్యాయం.

కోర్సు అయ్యాక మళ్లీ కల్చర్ చేయించాలా అని చివర్లో అడిగారు. అమ్మకు ఏ బాధా లేకపోయినా, నా భయం కొద్దీ నేను చేయించాను. మళ్లీ అదే ఈ.కోలి, అదే ఈఎస్‌బీఎల్. రిపోర్టు పట్టుకుని పరిగెత్తితే డాక్టరమ్మ అమ్మను అడిగారు: మంట ఉందా, జ్వరం ఉందా, నొప్పి ఉందా అని. ఏదీ లేదంది. గర్భిణులకో, మూత్రనాళంలో ఆపరేషన్ చేయబోయే వాళ్లకో తప్ప, బాధ లేకుండా మూత్రంలో కనిపించిన బ్యాక్టీరియాకు మందు వేయరట. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకోమని, మళ్లీ మంట వస్తే ముందుగా శాంపిల్ ఇచ్చి రమ్మని చెప్పి, చీటీ మీద ఏ మందూ రాయకుండా పంపించారు.