కామెర్లకు నేల ఉసిరి పసరు తాగొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. ఆరు రోజులుగా కళ్లు పచ్చగా ఉన్నాయి, అన్నం సయించడం లేదు. పక్క ఊళ్లో నేల ఉసిరి పసరు ఇస్తారట. మూడు రోజులు పరగడుపున తాగాలి, ఉప్పు, నూనె మానాలి, ఇంగ్లిష్ మందులు ముట్టకూడదంటున్నారు. నాకిప్పుడు ఐదో నెల. ముందుజాగ్రత్తగా నన్నూ తాగమని మా అత్తయ్య పట్టుబడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, పార్వతీపురం

జవాబు: అమ్మా, ముందు మీ సంగతి. మీరు తాగొద్దు. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి.

మా నాయనమ్మ కామెర్లకు పసరు ఇచ్చేది. ఆదివారం తెల్లవారకముందే గట్టు మీది నేల ఉసిరిని వేళ్లతో పీకి తెచ్చి, మూడు నీళ్లలో కడిగి, రాతి మీద మెత్తగా నూరి, పలచటి మజ్జిగలో కలిపేది. పైసా తీసుకునేది కాదు. కడుపుతో ఉన్నవాళ్లు వస్తే మాత్రం "నీకు కాదమ్మా ఇది, పెద్దాసుపత్రికి పో" అని పంపేసేది. ఆయుర్వేదం చదివి ముప్ఫై ఏళ్లు వైద్యం చేశాక నేనూ అదే చెబుతున్నాను. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ అనే కాలేయ జబ్బు గర్భిణులకు, అందులోనూ చివరి నెలల్లో, ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే నీళ్లు మరగకాచి తాగండి. మీ కళ్లు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక తమ్ముడు. ఈ వయసులో మన దగ్గర ఎక్కువగా చూసేది కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే కామెర్లే. చాలామందికి కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. పసరు తాగినవాళ్లకూ తగ్గుతాయి, తాగనివాళ్లకూ తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. అలాగని ఆ మొక్కను తీసిపారేయను. 1988లో చెన్నై పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లుంబర్గ్ కలిసి హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు దీని పొడి ఇచ్చి చూశారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఎంత సంబరపడ్డామో! తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు.

నా భయం మొక్క గురించి కాదు, పోయే రోజుల గురించి. మా పెద్దమ్మ కొడుకు రెండు వారాలు పసరు తాగాడు. ఒళ్లంతా దురద, మలం సున్నంలా తెల్లగా. పిత్తనాళంలో రాయి అడ్డుపడిందని చలిజ్వరం వచ్చాక గానీ తెలియలేదు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి బతికాడు. ఆ పసరు ఇచ్చింది మా నాయనమ్మే. ఆ తర్వాత ఆమె ఎవరొచ్చినా మొదట మలం రంగే అడిగేది. తెల్లగా ఉందంటే గిన్నె ముట్టేది కాదు.

రేపు పొద్దున్నే రక్త పరీక్ష చేయించండి: బిలిరుబిన్, కాలేయ పరీక్షలు, పీటీ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది), హెపటైటిస్ ఎ, బి, సి, ఇ. పగలంతా మత్తుగా పడుకుని రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం కారినా ఫలితాల కోసం ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి. జ్వరమని పారాసిటమాల్ సొంతంగా వేయకండి.

రిపోర్టు చూసిన డాక్టరు పర్లేదంటేనే పసరు సంగతి. మొక్కను సరిగ్గా పోల్చుకోవాలి. రెమ్మ తిరగేస్తే ఆకుల కింద ఆవగింజ కన్నా కాస్త పెద్ద కాయలు వరుసగా, నున్నగా, చిన్న తొడిమలతో ఉంటాయి. తమిళులు కీళానెల్లి, అంటే కింది ఉసిరి, అనేది అందుకే. కాడ ఎర్రగా, కాయ గరుకుగా, తొడిమ లేకుండా అతుక్కుని ఉంటే అది ఎర్ర ఉసిరి. రెంటినీ ఒకే పేరుతో అమ్ముతుంటారు. ఇప్పుడు గట్ల మీద గడ్డి మందు కొడుతున్నారు, అక్కడి మొక్క అసలు వద్దు. షుగర్, బీపీ, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా తాగకూడదు.

ఉప్పు, నూనె పూర్తిగా మాన్పించి పిల్లాణ్ని నీరసపెట్టకండి. ఇడ్లీ, పప్పన్నం, మజ్జిగ, పళ్లు, తినగలిగినంత పెట్టండి. మద్యం చుక్క కూడా వద్దు. కంట్లో పసరు పిండుతామన్నా, చేతి మీద వాత పెడతామన్నా ఒప్పుకోకండి. రిపోర్టు వచ్చాక అందులోని అంకెలు నాకు రాసి పంపండి.