తిట్టినా, కొట్టినా మారడం లేదు.. ఏడో తరగతి బాబును దారిలో పెట్టేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు 12 ఏళ్లు. ఏడో తరగతి. గత ఏడాది వరకు స్కూల్ నుంచి ఒక్క కంప్లయింట్ కూడా రాలేదు. ఈ ఏడాది కొత్త స్కూల్లో చేర్చాం. మూడు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపుతున్నారు. క్లాసులో మాట్లాడతాడని, చెప్పింది వినడని, ఎదురు చెబుతాడని. పోయిన వారం సైన్స్ టీచర్ నోట్సు చూపించమంటే పుస్తకం బల్ల మీద విసిరికొట్టాడట. మావారు కోపం ఆపుకోలేక రెండు దెబ్బలు వేశారు. నెల రోజులు ఫోన్ ఇవ్వనన్నారు. వాడి గోల భరించలేక మూడో రోజే నేను ఇచ్చేశాను. ఇప్పుడు మా ఇద్దరితోనూ సరిగా మాట్లాడడం లేదు. రాత్రి పదకొండున్నర దాకా పడుకోడు, పొద్దున ఆరింటికి లేపడం నా వల్ల కావడం లేదు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) కావచ్చని ఒక టీచర్ అన్నారు. ఇది వయసు ప్రభావమా, జబ్బా? వాడికి క్రమశిక్షణ ఎలా నేర్పాలి? - ఓ తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడు పుస్తకం విసిరాడని రాశారు. దానికి ముందు ఏం జరిగింది, అసలు నోట్సు రాశాడా లేదా, టీచర్ అందరి ముందూ అడిగారా అన్నది అందులో లేదు. తప్పు మీది కాదు. డైరీలో రాసి పంపేవాళ్లు మీకు ఆ సంగతులు చెప్పడం లేదు. ‘వినడు’, ‘అల్లరి ఎక్కువ’, ‘ప్రవర్తన బాగాలేదు’ అన్న మాటలు చదివితే ఇంట్లో తిట్టడానికి తప్ప దేనికీ పనికిరావు. ఏ పీరియడ్లో, ఏ పని ఇచ్చినప్పుడు, ఎవరి ముందు గొడవ మొదలవుతోందో తెలిస్తేనే దాన్ని సరిచేయగలం.

ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లాడి సంగతి చెబుతాను. వయసు మీ బాబుదే. క్లాసులో పిచ్చి జోకులు వేస్తాడని వారంలో నాలుగు రోజులు బయట నిలబెట్టేవారు. ఏయే పీరియడ్లలో బయటికి పంపారో రెండు వారాల పాటు రాయమని వాళ్లమ్మకు చెప్పాను. ఆమె తెచ్చిన కాగితం చూస్తే దాదాపు అన్నీ భాషా పాఠాల పీరియడ్లే. వరసగా ఒక్కొక్కరూ ఒక పేరా పైకి చదవాలి. వాడు ముందు బెంచీల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, తన వంతు ఏ పేరాకు వస్తుందో వేలు పెట్టి చూసుకునేవాడట. తన ముందున్నవాడు చదువుతుండగానే ఏదో ఒకటి అనేవాడు. టీచర్ బయటికి పొమ్మనేవారు. నా గదిలో చిన్న కథ ఇచ్చి చదవమంటే మూడో లైన్ దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. వాడికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది, ఉందని తర్వాత పరీక్షల్లో తేలింది. అంతకాలం వాడికి పడిన శిక్ష, వాడు కోరుకున్న తప్పించుకునే దారి ఒకటే. అందుకే ఎన్నిసార్లు శిక్షించినా అల్లరి పెరిగింది తప్ప తగ్గలేదు. మీ బాబుకూ అదే ఉందని నేననడం లేదు. కాగితం రాయకముందు ఎవరూ ఏమీ తేల్చలేరని మాత్రం చెబుతున్నాను.

మీరూ రెండు వారాలు రాయండి. డైరీలో కంప్లయింట్ వచ్చిన రోజు, పీరియడ్, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు. ఇవి చాలు.

ఇక వయసు ప్రభావమా అన్నారు. కొంత నిజం. మగపిల్లల్లో యుక్తవయసు మార్పులు సాధారణంగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. భావోద్వేగాలకు, ఉత్సాహానికి స్పందించే మెదడు భాగాలు ఈ వయసులో బాగా చురుగ్గా ఉంటాయి. ‘ఆగు, ఆలోచించు’ అని చెప్పే ముందు భాగం మాత్రం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. ‘వాడికి అన్నీ తెలుసు, తెలిసీ చేస్తున్నాడు’ అని తల్లిదండ్రులు నాతో అంటుంటారు. నిజమే, తెలుసు. ఇంట్లో ప్రశాంతంగా కూర్చున్నప్పుడు అడిగితే తప్పేంటో మనకంటే బాగా చెబుతాడు. కోపం వచ్చిన ఆ పది సెకన్లలో తనను తాను ఆపుకోవడం వేరే విద్య. అది అభ్యాసంతోనే వస్తుంది.

తోటివాళ్ల ముందు అది ఇంకా కష్టం. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ అనే పరిశోధకులు వీడియో గేములో కారు నడిపించి చూశారు. 13-16 ఏళ్ల పిల్లలు స్నేహితులు పక్కనుంటే ఒంటరిగా ఆడినప్పటికంటే చాలా ఎక్కువ సాహసాలు చేశారు. 24 ఏళ్లు దాటినవాళ్లలో అంత తేడా కనిపించలేదు. క్లాసంతా చూస్తుండగా ‘ఏదీ నీ నోట్సు?’ అని నిలదీసినప్పుడు ఈ వయసు పిల్లాడు టీచర్‌కంటే వెనక బెంచీలకే ఎక్కువగా జవాబిస్తుంటాడు. పుస్తకం విసరడం తప్పే, దాన్ని నేను సమర్థించడం లేదు. కానీ అదే మాట టీచర్ బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అడిగి ఉంటే ఏం జరిగేదో కూడా ఆలోచించాలి.

కొత్త స్కూల్ అన్నారు కదా, అక్కడ కొంచెం ఆగుదాం. చిన్న తరగతుల్లో చాలాచోట్ల ఒకరిద్దరు టీచర్లే ఉంటారు. వాళ్లకేం నచ్చుతుందో, ఏది నచ్చదో పిల్లలకు నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. మిడిల్ స్కూల్‌కు వచ్చేసరికి సబ్జెక్టుకో టీచర్, టీచర్‌కో పద్ధతి. ఒకరి క్లాసులో పక్కవాడిని అడిగి రాసుకోవచ్చు. ఇంకొకరి క్లాసులో నోరు తెరిస్తే తప్పు. పాత పిల్లలకు ఇవన్నీ వంటబట్టి ఉంటాయి, కొత్తగా చేరినవాడికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పెద్దవాళ్లం ‘బుద్ధిగా ఉండు’ అని ఊరుకుంటాం. ఆ మాటలో చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ‘టీచర్ మాట్లాడుతున్నప్పుడు చెయ్యెత్తు, పిలిచాకే మాట్లాడు’ అంటే ఉంది.

కాబట్టి పది నియమాలు వద్దు, రెండే పెట్టుకోండి. ఒకటి ఇప్పుడు చెప్పిన చెయ్యెత్తడం. రెండోది, పని పూర్తి కానప్పుడు ఏమనాలన్నది. ‘మేడమ్, నా నోట్సు పూర్తి కాలేదు, రేపటికి రాసి తెస్తాను’. ఈ వాక్యం మీ బాబుకు నోటికి రావాలి. మీరు టీచర్‌లా నిలబడి కాస్త విసుగ్గా అడగండి, వాడిని ఈ జవాబు చెప్పనివ్వండి. మొదటి రోజు సిగ్గుపడతాడు, నవ్వుతాడు, నవ్వనివ్వండి. రోజూ ఐదు నిమిషాలు, ఒక వారం. చేతిరాత దిద్దించినట్టే దీన్నీ దిద్దించాలి.

ఇప్పుడు దెబ్బల సంగతి. రెండు దెబ్బలు వేసినందుకు మీవారు చెడ్డ తండ్రి అని నేననను. రోజూ ఎర్ర సిరా చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. అయినా ఒక డాక్టర్‌గా గట్టిగా చెబుతున్నాను, ఇక వద్దు. యాభై ఏళ్ల పరిశోధనలను, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వచ్చింది. దెబ్బలకూ మంచి ప్రవర్తనకూ సంబంధం కనిపించలేదు. ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లల్లో దుడుకుతనం, మానసిక ఇబ్బందులు, తల్లిదండ్రులతో దూరం ఎక్కువగా కనిపించాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా పిల్లలను కొట్టొద్దు, అరిచి అవమానించొద్దు అని 2018లో స్పష్టంగా చెప్పింది.

నెల రోజుల ఫోన్ శిక్ష కూడా పనిచేయదు. పన్నెండేళ్ల పిల్లాడికి నెల అంటే అంతులేని కాలం. ఎలా ఉన్నా ఫోన్ రాదని తేలాక రేపు బాగా ఉండడానికి కారణమే లేకుండా పోతుంది. పైగా అంత పెద్ద శిక్షను నిలబెట్టడం మీకూ కష్టం. మూడో రోజు ఇచ్చేశారు. గట్టిగా గోల చేస్తే అమ్మ ఇచ్చేస్తుందని, నాన్న మాట మీద అమ్మ నిలబడదని వాడికి అర్థమైంది. శిక్ష చిన్నదిగా ఉండాలి, అదే రోజు పడాలి, చెప్పింది చెప్పినట్టు జరగాలి. ‘ఈ రోజు సాయంత్రం ఫోన్ లేదు, రేపు మామూలే’ అంటే చాలు. మీరిద్దరూ ముందే మాట్లాడుకుని ఒకే మాట మీద ఉండండి. మీలో ఒకరికి అది కఠినంగా అనిపిస్తే వాడి ముందు కాకుండా, వాడు పడుకున్నాక చెప్పుకోండి. ఒక హెచ్చరిక. మీరు గట్టిగా నిలబడ్డ మొదటి వారం గోల ఇంకా పెరుగుతుంది. ఇంతకు ముందు పనిచేసిన తాళంచెవినే వాడు మరింత బలంగా తిప్పుతాడు. అప్పుడు లొంగిపోతే, ఇంకా గట్టిగా అరవాలన్నమాట అని నేర్చుకుంటాడు. కాబట్టి నిలబెట్టగలిగిన మాటే అనండి.

సైన్స్ టీచర్ విషయం మాత్రం వదిలేయకండి. దానికి శిక్షకంటే సరిదిద్దుకోవడం మేలు. వాడే వెళ్లి, క్లాసు ముందు కాకుండా స్టాఫ్ రూములోనో, క్లాసు అయ్యాకో సారీ చెప్పాలి, మిగిలిన నోట్సు పూర్తి చేసి చూపించాలి. మీరు దూరంగా నిలబడి తోడు ఉండొచ్చు. వాడి బదులు మీరు చెప్పొద్దు.

స్కూల్‌కు మీరూ ఒకసారి వెళ్లండి. పోట్లాడడానికో, తలదించుకోవడానికో వద్దు. క్లాస్ టీచర్‌ను పది నిమిషాలు అడిగి, ఏ పీరియడ్లో బాగుంటున్నాడో ముందు కనుక్కోండి. ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ ఏం జరుగుతోందో తెలిస్తే మిగతా క్లాసులకు దారి దొరుకుతుంది. తప్పు చేసినప్పుడు దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పమని అడగండి. డైరీలో ఎర్ర సిరా బదులు రోజూ ఒక చిన్న కార్డు పెట్టమనండి. దాని మీద పైన చెప్పిన రెండు పనులే ఉండాలి. పీరియడ్ అయ్యాక టీచర్ టిక్కు పెడితే సరిపోతుంది, వాళ్లకూ పెద్ద పని కాదు. సాయంత్రం సగం టిక్కులు వచ్చినా వాడికిష్టమైన చిన్నదేదో చేయనివ్వండి. మొదట్లో సగమే లక్ష్యం, తర్వాత పెంచండి. ఈ పద్ధతి ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకూ బాగా ఉపయోగపడుతుంది. మెచ్చుకున్నప్పుడు ‘గుడ్ బాయ్’ అని వదిలేయకుండా, ‘లెక్కల క్లాసులో మూడుసార్లు చెయ్యెత్తావట కదా’ అని చేసిన పని పేరు పెట్టి చెప్పండి.

ఏడీహెచ్‌డీ గురించి. దాన్ని నిర్ధారించాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లో, స్కూల్లో రెండుచోట్లా కనిపించాలి. మీ బాబుకు పోయిన ఏడాది వరకు ఏ ఇబ్బందీ లేదు, ఇప్పుడున్నది మూడు నెలలదే. దీన్నిబట్టి ఆ అవకాశం తక్కువే అనిపిస్తోంది. కొందరు పిల్లల్లో చిన్న తరగతుల్లో బయటపడనిది పని పెరిగాక బయటపడుతుంది కాబట్టి పూర్తిగా కొట్టిపారేయను. పాత ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు ఏం రాశారో ఒకసారి తిరగేయండి. మొత్తానికి టీచర్ మాట మీద దాన్ని ఖాయం చేసుకోవద్దు, ఎవరో చెప్పారని మందులు అసలే వద్దు.

ముందు సులువైనవి చూద్దాం. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. బోర్డు కనిపించకపోతే పక్కవాడిని అడుగుతాడు, దాన్ని మాట్లాడడం అంటారు. రాత్రి గురక పెడుతున్నాడా, నోటితో గాలి పీలుస్తున్నాడా గమనించండి. గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగితే నిద్ర సరిగా పట్టక పగలు చిరాగ్గా ఉంటారు. రక్తహీనత, థైరాయిడ్ అవసరమైతే పిల్లల డాక్టర్ చూస్తారు. కొత్త స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా అన్నది తప్పకుండా కనుక్కోండి. ‘ఎందుకలా చేశావ్?’ అంటే నోరు విప్పడు. నడుస్తున్నప్పుడో, ఏదైనా పని చేసుకుంటున్నప్పుడో ‘ఆ రోజు మొదటి నుంచి ఏం జరిగిందో చెప్పు’ అని అడిగి, వాడు చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.

నిద్ర లెక్క నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. పదకొండున్నర నుంచి ఆరు దాకా అంటే ఆరున్నర గంటలు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీ వాడు రోజూ కనీసం రెండున్నర గంటలు అప్పు పడుతున్నాడు. నిద్ర చాలని పెద్దవాళ్లు మగతగా ఉంటారు, చాలామంది పిల్లలు మాత్రం చిరాకుగా, దూకుడుగా మారతారు. యుక్తవయసులో ఒంటి గడియారం సహజంగానే గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఒక్కసారిగా తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర రాదు. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు తెండి. పడుకోవడానికి గంట ముందు ఇంట్లో ఫోన్లన్నీ, మీవి కూడా, ఒకచోట పెట్టేయండి. సెలవు రోజున కూడా లేచే వేళ మరీ మారకూడదు.

ఇవన్నీ ఆరు వారాలు చేసినా తేడా లేకపోతే పిల్లల మానసిక వైద్యుడినో, చైల్డ్ సైకాలజిస్టునో కలవండి. రెండు వారాలకు పైగా దిగులుగా లేదా ఎప్పుడూ చిరచిరలాడుతూ ఉన్నా, ఇష్టమైన ఆటలు మానేసినా, స్కూల్‌కు వెళ్లనని మొండికేసినా, తోటివాళ్లను గాయపరిచినా ఆగొద్దు. పిల్లల్లో డిప్రెషన్ ఏడుపుగా కంటే కోపంగా కనిపించడం మామూలే. చచ్చిపోతాననో, తనను తాను గాయపరుచుకుంటాననో ఒక్కసారి అన్నా అదే రోజు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

వెళ్లేటప్పుడు రెండు వారాల కాగితం, డైరీ, పాత ప్రోగ్రెస్ కార్డులు, వాడు సగం రాసి వదిలేసిన ఒక నోట్సు పట్టుకెళ్లండి. ఎందుకు వెళ్తున్నారో ముందు రోజే బాబుకు చెప్పండి. ‘నువ్వు చెడ్డవాడివని కాదు నాన్నా, స్కూల్లో నీకు ఎక్కడ కష్టమవుతోందో కనుక్కుందామని’ అనండి. మీవారు కూడా వస్తే మంచిది.