స్పృహ లేని మనిషికి ఆక్సిజన్ మాస్క్ పెట్టేస్తే చాలా?

మీ నాన్నగారికి ఫిట్స్ వస్తాయి, ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ ఉంది, 108 వచ్చేలోపు మాస్క్ పెడితే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదండి. ముందు గాలి వెళ్ళే దారి తెరుచుకోవాలి, ఆక్సిజన్ ఆ తర్వాతే.

నేను అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే రోగికి అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిగా, ఏడేళ్ళు చేశాను. ఒక రాత్రి ఇలాంటి కేసుకే వెళ్తే అరవై దాటిన పెద్దాయన, తల కింద రెండు దిండ్లు, గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది, చేతిలో తాళాల గుత్తి, మూతికి మాస్క్, సిలిండర్ నిమిషానికి 10 లీటర్ల మీద నడుస్తోంది. వాళ్ళబ్బాయేమో "ఫిట్స్ ఆగిపోయాయి సార్, గురక పెట్టి నిద్రపోతున్నారు" అన్నాడు. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, చూస్తే 79. అది నిద్ర గురక కాదు, స్పృహ లేనప్పుడు నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డంపడితే వచ్చే చప్పుడు. దిండ్లు లాగేసి నుదుటి మీద ఒక చెయ్యేసి తల వెనక్కి వంచి, రెండో చేత్తో గడ్డం ఎముక పైకి ఎత్తగానే గురక ఆగింది, నోట్లో నురగ, చొంగ సక్షన్ మెషీన్‌తో లాగేసి ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాం. అదే మాస్క్, అవే 10 లీటర్లు, కాసేపటికి 95 చూపించింది.

కాబట్టి ఫిట్స్ వస్తుంటే గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్ళు అస్సలు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆగగానే పక్కకి తిప్పండి. కింద పడి మెడకి దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే మాత్రం తల వంచకుండా దవడ రెండు మూలలూ పట్టుకుని ముందుకి నెట్టాలి. ఉండుండి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే దాన్ని ఊపిరి అనుకోకండి ప్లీజ్, వెంటనే సీపీఆర్ (ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం) మొదలుపెట్టాలి.

ముక్కులో పెట్టే ట్యూబ్‌కి 1 నుంచి 6 లీటర్లు. మామూలు మాస్క్‌కి 5 కంటే తగ్గించొద్దు, వదిలిన గాలే మళ్ళీ పీలుస్తారు. సంచి ఉన్న మాస్క్ అయితే 10 నుంచి 15, సంచి నిండాకే మొహానికి పెట్టాలి. నాన్నగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) కూడా ఉంటే సాచురేషన్ 88–92 చాలు, ఆయనకి ఎన్ని లీటర్లో డాక్టర్‌ని ముందే అడిగి రాసి పెట్టుకోండి. దగ్గర్లో దీపం, అగరొత్తి ఉండకూడదు. బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే 1500 లీటర్లు, అంటే నిమిషానికి 10 చొప్పున రెండున్నర గంటలు. దాన్ని తెరిచే కీ మాత్రం తాడుతో సిలిండర్‌కే కట్టేయండి, అర్ధరాత్రి ఆ కీ కోసం ఇల్లంతా వెతికేవాళ్ళని చాలామందిని చూశాను.