క్యాంపు వంట గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ తీరిగ్గా కూర్చుని చదివా. వేట క్యాంపులో వంట మీద రాద్దామనుకోవడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే వేట గురించి రాసేవాళ్ళు తుపాకీ గురించి, జంతువు అడుగుజాడల గురించి పేజీలకి పేజీలు రాస్తారు గానీ నలుగురు మనుషులు అన్ని రోజులు చలిలో ఏం తిన్నారో మాత్రం ఒక్క లైన్లో తేల్చేస్తారు. నీ భాష కూడా హాయిగా సాగుతోంది, దానికేం ఢోకా లేదు. కానీ నాకు అందులో వంటకాలు కనబడ్డాయి, కొలతలు కనబడ్డాయి, క్యాంపు మాత్రం కనబడలేదు. అవన్నీ ఇంట్లో, మంచి వెలుతురులో, తీరిక ఉన్న మనిషి చేసుకునే వంటలు.

రాసేముందు ఒక మనిషిని కళ్ళముందు పెట్టుకో. చీకటుండగానే లేచి వెళ్ళాడు, రోజంతా నడిచాడు లేదా కదలకుండా చలిలో కాపు కాశాడు, పొద్దుగూకాక తిరిగొచ్చాడు. చేతులు కొంకర్లు పోయాయి, తలకి తగిలించుకున్న లైటు తప్ప ఇంకో వెలుగు లేదు, సాక్సులు తడిసిపోయాయి, ఆకలి ఎంతుందంటే ఏదున్నా పచ్చిదే తినేసేలా ఉన్నాడు. ఆ మనిషి ఉల్లిపాయలు సన్నగా తరుగుతాడా? నువ్వు రాసే ప్రతి వంటకాన్నీ ఈ మనిషి ముందు పెట్టి చూడు, ఆ టైంలో ఆ ఒంటితో చేయలేడు అనిపిస్తే ఎంత రుచైనదైనా సరే కొట్టేయ్. నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే, మిగతాదంతా దీన్లోంచి వచ్చేదే.

అలా చూస్తే క్యాంపు వంట మొదలయ్యేది ఇంట్లో, నువ్వేమో నిప్పు రాజేయడంతో మొదలుపెట్టావు. ముందు మనుషులెంతమంది, రోజులెన్ని అని లెక్క వేయించు, దానికి ఒక రోజు అదనంగా కలపమను, వాన పడో దారి మూసుకుపోయో ఇరుక్కుంటే ఆ ఒక్క రోజు తిండే ఆదుకుంటుంది. ఇంకో మాట గట్టిగా రాయి: దొరకబోయే వేటని నమ్ముకుని మెనూ వేసుకోకూడదు. దొరికితే పండగే, దొరక్కపోయినా మొత్తం రోజులకి సరిపడా తిండి డబ్బాల్లో ఉండాలి. తర్వాత వరస చెప్పు. త్వరగా పాడయ్యేవి, అంటే పచ్చి మాంసం, ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి, ఆ తర్వాత ఇంట్లో వండి గడ్డకట్టించి తెచ్చినవి, చివర్లో బియ్యం, పప్పు, బంగాళాదుంపలు, టిన్నులు.

ఆ గడ్డకట్టించిన దాని గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావ్, నన్నడిగితే నీ వ్యాసంలో అన్నిటికన్నా ఎక్కువ చోటు దానికే ఇవ్వాలి. మాంసం, దుంపలు, క్యారెట్ వేసి చిక్కగా పులుసు వండి, చల్లార్చి, మందపాటి కవర్లలో పలకల్లా పరిచి ఫ్రీజర్‌లో పెడితే రాయిలా అవుతుంది, అదే ఐస్ బాక్సులో అడుగున పరిస్తే ఐస్ పని కూడా అదే చేస్తుంది. పెద్ద ఐస్ గడ్డ చిన్న ముక్కలకన్నా నిదానంగా కరుగుతుంది కాబట్టి అడుగున ఇవి, పైన ముందుగా వాడేవి. కూల్ డ్రింకులూ తాగే నీళ్ళూ వేరే బాక్సులో పెట్టమను, మాటిమాటికీ మూత తీసేది వాటికోసమే. మూడోరోజు సాయంత్రం ఆ కవర్ తీస్తే అంచులు మెత్తబడి ఉంటాయి, నడిమధ్య ఇంకా గట్టిగానే ఉంటుంది. గిన్నెలో అడుగు తడిసేంత నీళ్ళు పోసి ఆ గడ్డ దింపి, మూతపెట్టి, సన్నటి సెగ మీద వదిలేయాలి, తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది లోపల మంచు అలాగే ఉంటుంది. గరిట గుచ్చితే లోపలిదాకా దిగి, పులుసు అన్నివైపులా బుడబుడమని ఉడుకుతుంటే అయినట్టే. పక్కన అన్నం ఉంటే ఆ రోజుకి ఇంకేం అక్కర్లేదు. తరగడం లేదు, వేయించడం లేదు, కడగాల్సింది రెండే గిన్నెలు. ఇలా రాస్తే చదివేవాడికి ధైర్యం వస్తుంది.

నిమిషాల సంగతి. నువ్వు ప్రతిచోటా "పన్నెండు నిమిషాలు", "ఇరవై నిమిషాలు" అని రాశావ్. ఆరుబయట గాలి వీస్తుంటే, గిన్నె చల్లగా ఉంటే, కట్టెలు తడిగా ఉంటే ఆ నిమిషాలు పనికిరావు. గుర్తులు రాయి: ఉల్లిపాయ అంచులు ఎర్రబడేదాకా, దుంపలోకి చాకు తేలిగ్గా దిగేదాకా, అన్నం మీద నీళ్ళు ఇంకి చిన్న చిన్న బొక్కలు కనబడేదాకా. అయితే ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం గుర్తులు చాలవు, అక్కడ అంకెలే రాయాలి, అదీ కారణంతో సహా. ఎలుగుబంటి, అడవిపంది మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు, అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు ఫ్రీజర్‌లో పెట్టినా చావవు, అందుకని ముక్క లోపల 71 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉడకాలి, పక్షి మాంసమైతే 74. రంగు చూసి నిర్ణయించకూడదు, చిన్న థర్మామీటర్ జేబులో పడేసుకోమను. ఐస్ బాక్స్ లోపల 4 డిగ్రీలు దాటకూడదు, వండింది బయట రెండు గంటలకన్నా ఎక్కువ ఉంచకూడదు. వాగు నీళ్ళు సలసలా మరిగాక ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి, 2000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు.

ఎత్తు అన్నాను కదా, దాని మీద ఒక పేరా నువ్వు తప్పకుండా కలపాలి. దాదాపు 3000 మీటర్ల ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి, చూడ్డానికి గలగలా మరుగుతూనే ఉంటాయి గానీ ఎండు పప్పు గింజలు ఓ పట్టాన మెత్తబడవు, గ్యాస్ మొత్తం ఖర్చైపోతుంది. ఎర్ర రాజ్మా అయితే ఇంకా జాగ్రత్త, సరిగ్గా ఉడక్కపోతే అందులోని విషం వాంతులు పట్టిస్తుంది. కాబట్టి పైకెళ్ళేవాళ్ళకి త్వరగా ఉడికే పప్పో, ముందే ఉడికిన టిన్నులో చెప్పు, బండి క్యాంపుదాకా వెళ్తుందంటే ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళమను, బరువైనా ఫర్వాలేదు.

గ్యాస్ స్టవ్ పొద్దున్నే ఎందుకు వెలగదో కూడా రాయి, ఎందుకో తెలిస్తే ఏం చేయాలో వాళ్ళకే తడుతుంది. స్టవ్‌కి తగిలించే క్యానిస్టర్లో, అంటే చిన్న గ్యాస్ డబ్బాలో, ద్రవంగా ఉండే బ్యూటేన్ గ్యాస్ చలి సున్నా డిగ్రీలకి కాస్త కిందకి వెళ్ళగానే ఆవిరి అవ్వడం మానేస్తుంది, ప్రొపేన్ అనే ఇంకో గ్యాస్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అందుకే చలిప్రాంతాలకి ప్రొపేన్ కలిసిన క్యానిస్టర్ కొనుక్కోవాలి, రాత్రి దాన్ని గడ్డకట్టే చలిలో బయట వదలకూడదు, చిన్నదైతే స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కన పెట్టుకుంటారు. ఎంత చలేసినా టెంట్ లోపల స్టవ్ గానీ నిప్పుల కుంపటి గానీ పెట్టొద్దని పెద్దక్షరాలతో రాయి తమ్ముడూ, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కట్టెల పొయ్యి అయితే మంట మీద కాదు, మంట తగ్గాక మిగిలే నిప్పుల మీద వండాలి, రాగానే నిప్పు వేసి తర్వాత బట్టలు మార్చుకుంటే ఈలోపు నిప్పులు తయారవుతాయి. ఎండాకాలంలో చాలా అడవుల్లో బయట నిప్పు పెట్టనివ్వరు, అది ముందే కనుక్కోమను.

తిండిలో కొవ్వు గురించి నువ్వు అసలు రాయలేదు. గ్రాము కొవ్వులో 9 క్యాలరీలు, పిండిపదార్థంలోనూ ప్రొటీన్‌లోనూ 4, చలిలో తిరిగేవాడికి ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. పైగా వేట మాంసంలో కొవ్వు చాలా తక్కువ, రోజులతరబడి ఒట్టి పలచటి మాంసమే తింటే కడుపు నిండినట్టే ఉంటుంది గానీ నీరసం, విరేచనాలు పట్టుకుంటాయి. వెన్న, నూనె, చీజ్, వేరుశనగలు దండిగా పెట్టించు. పొద్దున పొయ్యి వెలిగించే తీరిక ఉండదు కాబట్టి ముందురోజు రాత్రే రొట్టె, చీజ్, ఉడికించిన గుడ్లు కట్టి పెట్టుకుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుంటే చాలు.

వేట దొరికిన రోజు కూడా సింపుల్‌గానే రాయి. నడుము లోపలి మెత్తని కండ ఒక్కటి ఆ రోజుకి చాలు, వెన్నలో ఉప్పు వేసి వేయిస్తే సరి. జింకదైనా సరే తొడ, భుజం అప్పుడే వండితే బిగుసుకుపోయి నమలలేరు, వాటిని చల్లటి చోట కొన్నిరోజులు వేలాడదీస్తేనే మెత్తబడతాయి. సీసం గుండు వాడితే గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయమను, కంటికి కనబడని తునకలు చుట్టూ చాలా దూరం చెదురుతాయి. ఎలుగుబంట్లు తిరిగే చోట వంటా, తిండి దాచడమూ టెంట్‌కి 100 మీటర్ల దూరంలో ఉండాలి, వంట చేసిన బట్టలతో నిద్రపోకూడదు.

ఇప్పుడు వంటకాలు అయిదు చాలు, మిగతావి తీసేయ్. తీసేస్తుంటే బాధేస్తుంది, తెలుసు, అయినా తీసేయ్. నాలుగు రోజులకి ఒక మెనూ రాసి, ఆ రాత్రి తిరిగొచ్చిన మనిషి ఏ గిన్నె ముందు తీస్తాడో, దేంతో తింటాడో కూడా రాసి నాకు పంపు. సామాన్ల లిస్ట్ కూడా ఒకసారి చూసుకో, టిన్నులు రాశావ్ గానీ ఓపెనర్ రాయలేదు.

ఉంటా,
అన్న