యాసల ప్రసంగాన్ని విడదీసి చూడటం

ప్రశ్న: ఇంగ్లండులోని ప్రాంతీయ ఉచ్చారణలపై ఒక సమాచార ప్రసంగం ఇచ్చి, దాని నిర్మాణాన్ని విశ్లేషించమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? – డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: ముందు వక్త ఎంచుకున్న వరసను చూడండి. లివర్‌పూల్, న్యూకాసిల్, లండన్ అంటూ ఊళ్ల వెంట సాగే ప్రసంగం వినడానికి తేలికే కానీ, తరచూ జాబితాగా మిగిలిపోతుంది. ఒక్క ధ్వనిని పట్టుకుని నడిపితే పట్టు వస్తుంది: ‘బాత్’ అనే మాటలోని అచ్చును దక్షిణాదివారు సాగదీసి, ఉత్తరాదివారు పొట్టిగా పలుకుతారు, ‘కప్’ అనే మాట ఉత్తరాదిన ‘కుప్’కు దగ్గరగా వినిపిస్తుంది. అలాంటి చోట వక్త పలికి చూపించారా, వర్ణించి వదిలేశారా అన్నది గమనించండి. లివర్‌పూల్ యాసకు 19వ శతాబ్దపు ఐరిష్ వలసలను ముడిపెడితే అది కార్యకారణ భాగం. ఏదైనా యాసను ‘శుద్ధం’ అన్నారంటే, సమాచారం ఆగి అభిప్రాయం మొదలైనట్టే (మన నెల్లూరు యాసను వెక్కిరించేవారి పొరపాటూ ఇదే). ఆ వాక్యం కింద గీత గీయండి.